తొంభై ఐదో నంబరు బిళ్ళ

శనివారం సాయంత్రం గాలి ఉక్కపోతగా ఉంది. రేసులు జరిగే ఫెయిర్‌గ్రౌండ్ మైదానం వెనక మొక్కజొన్న చేలో ఒక్క ఆకు కదలడం లేదు. ఇలాంటి గాలిలో ఇంజన్లు ఇంధనం ఎక్కువైపోయి నీరసపడతాయని ఆ మట్టి ట్రాక్ చుట్టూ పెరిగిన వాళ్ళందరికీ తెలుసు. అందుకే ఆఖరి పోటీకి ముందు, కార్లు సిద్ధం చేసుకునే పిట్‌లో ఏ కారు దగ్గర చూసినా ఒకటే పని, బిళ్ళ మార్చడం.

బిళ్ళ అంటే చొక్కా గుండీ అంత ఇత్తడి ముక్క. మధ్యలో ఒక కంత, మీద ఒక అంకె. ఈ చిన్న కార్లకి పెట్టేవి పాత సెడాన్లలోంచి ఊడదీసిన మామూలు ఇంజన్లే అయినా వాటికి పెట్రోలు బదులు మెథనాల్ తాగించే పద్ధతి మాత్రం తాతల నాటిది. కంప్యూటరు లేదు, ఏమీ లేదు. ఇంజను తిరిగినంతసేపూ పంపు తోస్తూనే ఉంటుంది, అవసరానికి మించే తోస్తుంది. మిగిలింది ఈ బిళ్ళ కంతలోంచి ట్యాంకులోకి తిరిగి పోతుంది. కంత పెద్దదైతే తిరిగిపోయేది ఎక్కువ, ఇంజను చురుగ్గా ఉంటుంది. మరీ పెద్దదైతే పిస్టన్లు కాలిపోతాయి. కంత చిన్నదైతే ఇంజను గొంతుదాకా తాగి కక్కుకుంటుంది. విద్యంతా ఇంతే. ఈ ఇంతలోనే మనుషులు ముసలాళ్ళైపోతారు.

కెండ్రా వాయిట్ ముప్పై ఒకటో నంబరు కారులో సగం దూరి, తలకిందులుగా వేలాడుతూ, యాక్సిలరేటర్ పెడల్‌ని కింద ఆపే బోల్టుకి నీలం మార్కింగు రంగు పూస్తోంది. ప్రతి పోటీకి ముందూ అదే పని. పెడల్ పూర్తిగా నేలకి తొక్కితే ఆ రంగు పెడల్ వెనక అంటుకుంటుంది. పోటీ అయ్యాక దిగి చూసుకుంటుంది. ప్రతిసారీ అంటుకునే ఉంటుంది. అయినా ప్రతిసారీ ఆమె వచ్చేది ఏడో స్థానమో, ఎనిమిదో స్థానమో. మలుపు రాగానే భయంతో పెడల్ మీంచి కాలు తీసేస్తుందని పిట్‌లో అందరూ అంటారు. కారు యజమాని రెక్స్ అమ్‌స్టట్జ్ అయితే ఆమె ముందే అంటాడు. ఊళ్ళో ధాన్యం గోదాములు ఆయనవే. కెండ్రా వారమంతా పనిచేసేది ఆ గోదాముల కాటా దగ్గరే. ఈ నెలలోగా ముందుకి రాకపోతే కారుకి వేరేవాళ్ళని చూసుకుంటానని ఆయన పోయిన వారమే చెప్పేశాడు.

"అమ్మాయ్, తొంభై ఐదు ఉందా నీ దగ్గర?"

వార్డ్ కెస్లర్ గొంతు. పాయింట్లలో ముందున్నవాడు, నలభై దాటినవాడు, ముంజేతులదాకా బురద. తన తొంభై ఐదో నంబరు బిళ్ళ చేతిలోంచి జారి బురదలో పడిపోయిందట, ఎంత వెతికినా దొరకడం లేదట. కెండ్రా బయటికి వచ్చి తన బిళ్ళల పెట్టె తెరిచి, వెతికి తీసి ఇచ్చింది.

"గెలిస్తే మైకులో నా పేరు చెప్పాలి."

"గెలిస్తే నీ పేరు చెప్తా. ఓడితే మీ నాన్న పేరు చెప్తా" అని నవ్వి పరిగెత్తాడు వార్డ్.

ఆ ట్రాక్‌లో అడిగిన వస్తువు లేదనడం అన్నది లేదు. అరగంట తర్వాత ఆ అడిగినవాణ్ణే గోడకేసి నెట్టెయ్యొచ్చు, అది పోటీ. కానీ ఇప్పుడు బోల్టు అడిగితే ఇవ్వనివాడు మనిషి కిందే లెక్క కాదు. పైగా వాయిట్ల బిళ్ళ అంటే కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు. కెండ్రా తండ్రి లైల్ తన గరాజులో లేతు మీద చేసిచ్చిన బిళ్ళలే సగం పిట్ వాడేది.

లైల్ రెండు పంది మాంసం శాండ్‌విచ్‌లు పట్టుకుని అప్పుడే వచ్చాడు. అరవై దాటినా నడుం వంగని మనిషి. కూతురు సంగతి చెప్పగానే ఒక శాండ్‌విచ్ ఇవ్వబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏ పెట్టెలోంచి ఇచ్చావు?"

"నా పెట్టెలోంచే. ఎందుకు?"

"నేను వచ్చేదాకా ఆగాల్సింది" అన్నాడు. ట్రాక్ వైపు చూశాడు. ఈ కార్లకి స్టార్టర్లుండవు, వెనకనుంచి ట్రక్కుతో తోస్తేనే రాజుకుంటాయి. వార్డ్ కారుని అప్పటికే ట్రక్కు తోసుకుపోతోంది. లైల్ రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు. శాండ్‌విచ్‌లు రెండూ టైరు మీద పెట్టి, ముట్టుకోకుండా అక్కడే నిలబడ్డాడు. నాన్నకి ఈ ఉక్కపోత పడటం లేదేమో అనుకుంది కెండ్రా.

పోటీలో వార్డ్ మొదటి వరసలో బయల్దేరాడు. ఆఖరి చుట్టుకి గుర్తుగా ఊపే తెల్లజెండా రాకముందే అతని కారు వెనక్కి జారడం మొదలైంది. ఒకరు దాటారు, ఇద్దరు దాటారు, చివరికి అతను కెండ్రా పక్కకే వచ్చేశాడు. అతని కారు కక్కే కాలని మెథనాల్ పొగ తగిలి ఆమె కళ్ళు మండాయి. నీ వెనకాల నడిపితే కళ్ళు మండుతాయే తల్లీ అని మిగతావాళ్ళు తనని వెక్కిరించడం గుర్తొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక వార్డ్ కెస్లర్‌ని దాటడం ఆమెకి అదే మొదటిసారి. సంతోషం పట్టలేక హెల్మెట్ లోపల కేక పెట్టింది. తర్వాత ఆ కేక తలుచుకుని ఎన్నిసార్లు సిగ్గుపడిందో.

దిగి పెడల్ వెనక చూసుకుంది. నీలం అంటుకునే ఉంది. తల ఎత్తేసరికి వార్డ్ నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇంకో పదిమంది. అతని అరచేతిలో ఆమె బిళ్ళ, రెండో చేతిలో కొలత చూసే సన్నటి ఉక్కు పుల్లలు.

"దీని మీద తొంభై ఐదని ఉంది. తొంభై ఐదు పుల్ల దూరటం లేదు. తొంభై దూరటం లేదు. ఎనభై ఐదు దూరింది" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది.

పిట్ పెద్ద జూన్ ప్రికెట్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మెడలో ఈల, నడుముకి కత్తెర. చేతికి పిట్ పట్టీ లేనివాళ్ళని బయటికి పంపేదీ, తప్పు చేసినవాళ్ళ పట్టీ కత్తిరించేదీ ఆమే. కెండ్రా పెట్టెలో బిళ్ళలన్నీ ఒక్కొక్కటే తీసి పుల్లలతో కొలిచింది. ప్రతిదీ మీదున్న అంకె కన్నా పది తక్కువ. ఒక్కటి కూడా సరైంది లేదు. జనంలో కొందరు గబగబా వెళ్ళి లైల్ తమకి చేసిచ్చిన బిళ్ళలు తెచ్చి కొలుచుకున్నారు. అవన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి.

 కళ్ళముందు జరుగుతున్నది తనకి జరుగుతున్నట్టే లేదు కెండ్రాకి.

"అప్పివ్వడానికి వేరే పెట్టె పెట్టుకున్నట్టుంది" అన్నారెవరో. "గెలవడం చేతకాకపోతే ఇదొక దారి."

"ఎవరిదమ్మా ఈ పెట్టె?" అంది జూన్.

కెండ్రా తండ్రి వైపు చూసింది. బిళ్ళలు చేసింది ఆయన. పొరపాటు జరిగితే ఇప్పుడు చెప్పాల్సింది ఆయన. లైల్ కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో ఆమెకి ఆశ్చర్యం కనిపించలేదు, సిగ్గు కనిపించలేదు. గండం గడిచిన మనిషి ముఖంలా ఉంది. ఏదో బరువు దిగినట్టు భుజాలు జారి ఉన్నాయి.

"నాదే" అంది కెండ్రా.

వచ్చే శనివారం డ్రైవర్ల సమావేశంలో తేలుస్తామని, అప్పటిదాకా ముప్పై ఒకటో నంబరు కారు ట్రైలరు దిగడానికి వీల్లేదని జూన్ చెప్పింది. రెక్స్ టోపీ తీసి నెత్తిమీద చెమట తుడుచుకుంటూ, నడపడం రాదనుకున్నాను గానీ ఇది కూడానా అన్నాడు. వార్డ్ మాత్రం ఆ బిళ్ళ ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తీసుకున్న వస్తువు తిరిగిచ్చే పద్ధతి అతను అప్పుడు కూడా తప్పలేదు.

ఆదివారం పొద్దున్న గరాజులో చేసే పని ఎప్పుడూ ఒకటే. మెథనాల్‌ని లోపల వదిలేస్తే పంపుని, గొట్టాలని తినేస్తుంది. అందుకని గొట్టం విప్పి, పంపుని చేత్తో తిప్పుతూ, సన్నటి నూనె పట్టించి కడగాలి. చర్చికి వెళ్ళినా మానినా ఇది మానకూడదు. కెండ్రా ఒక్కతే కడిగింది. రాత్రంతా ఆమెకి నిద్ర లేదు. నాన్న అంకెలు కొట్టేటప్పుడు పొరపాటు పడ్డాడనీ, అంతమందిలో చెప్పుకోలేక ఊరుకున్నాడనీ తనకి తానే నచ్చజెప్పుకుంది. అది కూడా కష్టంగానే ఉంది. కానీ అర్థం చేసుకోగలిగిన కష్టం.

గొట్టం విప్పినప్పుడు కారులో నిన్న వేసిన బిళ్ళ చేతిలోకి వచ్చింది. వేసింది నాన్నే. మీద తొంభై ఐదని ఉంది. కొలవాలని కూడా అనుకోలేదు, నూనె చేతులతో పక్కన పెట్టేయబోయింది. తర్వాత గోడకున్న డ్రిల్లుల పెట్టె దించి, ఒక్కో డ్రిల్లూ కంతలో పెట్టి చూసింది.

ఎనభై ఐదు.

బల్ల మీద అంకెలు కొట్టే అచ్చులున్నాయి. ఎవరికో చేసి ఇంకా ఇవ్వని బిళ్ళలు ఒక డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా కూడా కొలిచింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అవే అచ్చులు, అదే లేతు, అవే చేతులు. పొరపాటైతే ఊరందరికీ జరగాలి. తనొక్కదానికే జరిగేది పొరపాటు కాదు.

 టైరు మీద కూలబడింది. ఎండాకాలాలు రెండు కళ్ళముందు తిరిగాయి. ఉక్కగా ఉంటే తొంభై ఐదు, చల్లగా ఉంటే తొంభై, నాన్న చెప్పినట్టే తీసి ఇచ్చేది. ప్లగ్గులు విప్పి రంగు చూసి బాగానే కాలుతోంది అనేది ఆయనే. మెథనాల్ ఎక్కువై తెల్లగా పాలలా మారిన ఇంజను ఆయిలుని తను చూడకుండా పారబోసేదీ ఆయనే.

లైల్ కాఫీ కప్పుతో లోపలికి వచ్చాడు. బల్ల మీద వరసగా పెట్టిన బిళ్ళలు చూశాడు. కప్పు కింద పెట్టడానికి చోటు వెతుక్కుని, దొరక్క, చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు నాన్నా?"

లైల్ బిళ్ళల మీంచి చూపు తిప్పి కారు వైపు చూశాడు.

"రెండేళ్ళ కింద కారు బోల్తా పడింది గుర్తుందా నీకు? నువ్వు పెద్దగా పట్టించుకుని ఉండవులే. దులుపుకుని లేచొచ్చావు. నేను పరిగెత్తుకొచ్చేసరికి నువ్వింకా బెల్టు విప్పుకుంటున్నావు. అంతా బాగానే ఉందనుకున్నా. మంట లేదు, పొగ లేదు. కారు మీద నంబరు రంగు మాత్రం బుడగలు లేస్తోంది. ఊరికే బుడగలు లేస్తోంది. ఏంటా అని చెయ్యి పెట్టా." కుడి చెయ్యి తిప్పి చూపించాడు. మణికట్టు మీద వెంట్రుకల్లేని నున్నటి మచ్చ గరాజు పనిలో అయిందని ఆమె అనుకునేది. "మెథనాల్ మంట పగలు కనపడదు కదా. నువ్వు మంట మధ్యలో కూర్చుని ఉన్నావు, నాకు కనపడలేదు. నీళ్ళు పోశారు, అయిపోయింది. నీకు తెలియను కూడా తెలియదు."

"చెప్పొచ్చుగా."

"చెప్తే మానేసేదానివా?"

 మానేసేది కాదు.

"నెమ్మదిగా వెళ్తే చాలనుకున్నా. మధ్యలో ఎక్కడో, ఏ గొడవా లేకుండా. నడుపుతూనే ఉంటావు, ఇంటికొస్తూ ఉంటావు."

"నిన్న నన్ను దొంగని చేశారు. నువ్వు చూస్తూ నిలబడ్డావు."

"నిన్ను నడపనివ్వరనుకున్నా ఇక" అన్నాడు లైల్. దాచకుండా అన్నాడు. 

"వాళ్ళేమైనా అనుకోనీ నాన్నా. రెండేళ్ళ నుంచి అందరూ కాలు తీసేస్తున్నావంటున్నారు. నేను తియ్యలేదు. ఒక్కసారి కూడా తియ్యలేదు. రంగు పూసుకుని మరీ చూసుకున్నా. రంగు కనపడుతున్నా నమ్మలేదు. నాకు తెలియకుండానే తీసేస్తున్నానేమో, నేనే పిరికిదాన్నేమో అనుకున్నా. నా కాలిని నేనే నమ్మడం మానేశా." ఆమె బల్ల మీది బిళ్ళని ఆయన వైపు తోసింది. "నువ్వు పక్కనే ఉండి, ఫరవాలేదులే అంటూ నా వీపు తట్టావు."

ఆయన చేతిలో కాఫీ ఒలికి నేలమీద పడుతోంది. ఆయన చూసుకోలేదు. శనివారం సమావేశంలో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగింది. నేనే చెప్తానన్నాడు.

వారమంతా కాటా దగ్గర లారీలు వచ్చాయి, పోయాయి. ఊళ్ళో అందరికీ సంగతి తెలిసిపోయింది. ఒక రైతు తూకం చీటీ తీసుకుంటూ, దీని మీద అంకె నమ్మొచ్చా అమ్మాయ్ అని కన్ను గీటాడు. ఆమె నవ్వలేకపోయింది. కౌంటరు కింద ఆమె కుడికాలు దానంతటదే నేలని అదుముతోంది, అదుముతోంది. సాయంత్రానికి పిక్క పట్టేసేది.

గురువారం వార్డ్ తన పికప్‌లో ఇనుప తుక్కు వేసుకుని తూకానికి వచ్చాడు. తూకం అయ్యాక కూడా వెళ్ళలేదు. కిటికీ దగ్గరకి వచ్చి, ఎటో చూస్తూ మాట్లాడాడు.

"ఒకణ్ణి మోసం చెయ్యాలంటే ఒక్క బిళ్ళ చాలు. పెట్టె మొత్తం ఎవడు చేస్తాడు? ఇంట్లో కూర్చుని నాకు అదే అర్థం కాలేదు. అప్పుడు నీ పొగ గుర్తొచ్చింది. రెండేళ్ళుగా నిన్ను దాటే ముందల్లా నీ వెనకాల కళ్ళు మండించుకున్నవాణ్ణి నేను." పికప్ తాళాలు చేతిలో తిప్పాడు. "నీ కారులో ఏముందో నేను అడగను. మీ ఇంటి సంగతి."

కెండ్రా చీటీ చించి అతనికిచ్చింది.  అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శనివారం డ్రైవర్లంతా జూన్ ట్రక్కు చుట్టూ గుమిగూడారు. లైల్ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. జూన్ విషయం ఎత్తగానే ముందుకి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. 

"ఆ పెట్టె చేసింది నేను. అమ్మాయి తప్పేం లేదు. అచ్చు మార్చి కొట్టేశాను. ముసలి కళ్ళు కదా" అన్నాడు లైల్.

అంతే. అక్కడితో ఆగిపోయాడు.

జనం ఒక్కసారి తేలికపడ్డారు. ఇంతేనా పెద్దాయనా, ఈ మాట పోయిన వారమే చెప్తే పోయేదిగా అన్నారు. కళ్ళద్దాలు కొనుక్కోమన్నారు. వీపు తట్టారు. జూన్ కెండ్రా మీద మాట లేదని ప్రకటించి, తర్వాతి విషయానికి వెళ్ళిపోయింది. పోయిన వారం ఆమెని దొంగన్నవాళ్ళే ఇప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. కెండ్రా మాత్రం ఆ చేతుల కిందనుంచి పక్కకి తప్పుకుంది. చెప్తానన్న మనిషి చెప్పాడు. చెప్పిన మాట అబద్ధం. పొరపాటు చేసిన ముసలాయన్ని అందరూ ఓదారుస్తున్నారు, ఆయన ఓదార్చనిస్తున్నాడు. కాలు తీసే కెండ్రా ఎక్కడిది అక్కడే ఉంది.

కారు దగ్గరకి వచ్చేసరికి లైల్ ఇంధనం గొట్టం విప్పి, రెంచితో బిళ్ళ బిగించబోతున్నాడు. కొత్తగా చేశాను, ఇది సరైందే అన్నాడు. ఆమె ఆయన చేతిలోంచి రెంచి తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. పిట్ దాటి వార్డ్ కారు దగ్గరకి వెళ్ళింది.

"తొంభై ఐదు ఉందా నీ దగ్గర?"

వార్డ్ ఆమె ముఖం చూశాడు, ఆమె వెనక దూరంగా నిలబడ్డ లైల్‌ని చూశాడు. పెట్టె తెరిచి ఒకటి తీసి, ఆమె అడగకుండానే పుల్ల పెట్టి కొలిచి చూపించి, చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త అమ్మాయ్. నువ్వు ఎక్కబోయేది నీ కారు కాదు."

ఆ మాట ఆమెకి ట్రక్కు వెనకనుంచి తోసినప్పుడు అర్థమైంది. ఇంజను రాజుకున్న చప్పుడే వేరు. ఇన్నాళ్ళూ దగ్గుతూ లేచేది, ఇప్పుడు గద్దించి లేచింది. ఆఖరి పోటీకి ముందు జరిగే హీట్ పోటీలో ఆమెది చివరి వరస. పచ్చజెండా పడగానే ఎప్పటిలాగే పెడల్ నేలకి తొక్కింది. ఒకటో మలుపు ఎప్పుడూ వచ్చేంత తీరికగా రాలేదు. గోడ ఎదురుగా లేచి నిలబడింది.  ఆలోచించే వ్యవధి లేదు. ఆమె కాలు దానంతటదే పైకి వచ్చేసింది.

కారు జారి, తోక విసిరి, గోడకి బెత్తెడు దూరంలో సర్దుకుంది.  తను కాలు తీసింది. కాలు తియ్యడం అంటే ఏమిటో అదే మొదటిసారి ఆమెకి తెలిసింది. కాలు తియ్యకపోతే చచ్చిపోయే వేగం అదే మొదటిసారి ఆమె చూసింది. మళ్ళీ తొక్కింది. తర్వాతి మలుపుకి కాస్త ముందే తీసింది, కాస్త ముందే తొక్కింది. ఒకణ్ణి దాటింది, ఇంకొకణ్ణి దాటింది.  రెండో స్థానంలో పోటీ ముగించింది.

కారు ఆపగానే రెక్స్ పరిగెత్తుకొచ్చాడు. ఆమెని బెల్టు కూడా విప్పుకోనివ్వకుండా హెల్మెట్ మీద తట్టాడు. చుట్టూ జనం చేరారు. వార్డ్ వచ్చాడు, జూన్ వచ్చింది. లైల్ అందరి వెనకా నీళ్ళ బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. కారు ఆగిన ప్రతిసారీ ఆయన అలాగే నిలబడతాడనీ, అది దాహానికి తెచ్చిన నీళ్ళు కాదనీ కెండ్రాకి ఇప్పుడు తెలుసు.

"ఇదీ నడపడమంటే!" అన్నాడు రెక్స్ అందరికీ వినపడేలా. "రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా. ఇవాళ ఒక్కసారి కూడా కాలు తియ్యలేదు, చూశారా? ధైర్యం చేస్తే ఎంతలో అయిపోయిందో. ఇక నీ సీటు ఎక్కడికీ పోదులే."

కెండ్రా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. సీటు దక్కింది. అవునని తలూపితే చాలు. ఆమె తలూపలేదు, కాదని కూడా అనలేదు. రెక్స్ భుజం మీదుగా తండ్రి వైపు చూసింది.

లైల్ బకెట్ కింద పెట్టాడు.

"తీసింది" అన్నాడు.

రెక్స్ వెనక్కి తిరిగాడు. "ఏంటి పెద్దాయనా?"

"ఇవాళ తీసింది. ఒకటో మలుపులో తీసింది. నేను చూశాను. ఇన్నాళ్ళూ ఎప్పుడూ తియ్యలేదు. రెండేళ్ళు కాలు నేలకి తొక్కిపెట్టే నడిపింది." ఆయన చుట్టూ ఉన్నవాళ్ళందరి వైపూ తిరిగాడు. "కారుకి సత్తువ లేదు. లేకుండా చేసింది నేను. దాని బిళ్ళలన్నీ చిన్న కంతలతో చేసి పెద్ద అంకెలు కొట్టాను. కళ్ళు కనపడక కాదు. తెలిసే కొట్టాను."

   రెక్స్ ముఖం ఎర్రబడింది. తన కారు అన్న మాట అప్పుడు గుర్తొచ్చిందో, రెండేళ్ళు తను ఆ పిల్లని అన్న మాటలు గుర్తొచ్చాయో తెలియదు. ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు. బకెట్ వైపు చూసిన వాళ్ళకి అడగాలనిపించలేదు.

లైల్ జూన్ దగ్గరకి నడిచి కుడి చెయ్యి చాచాడు. ఆ మణికట్టుకే పట్టీ ఉంది, మచ్చ మీదుగా. జూన్ ముప్పై ఏళ్ళుగా ఆయన్ని ఎరుగును. కత్తెర తీసి కూడా కాసేపు తటపటాయించింది.

"ఈ సీజనంతా పిట్‌లోకి రాకూడదు లైల్. కంచె అవతలే."

"తెలుసు."

పట్టీ తెగి బురదలో పడింది. లైల్ దాన్ని వంగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కెండ్రా కారులోంచి దిగింది.  పెడల్ వైపు ఆమె ఇవాళ వంగి చూడలేదు. తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన మీద కోపం పోలేదు. పోతుందని కూడా ఆమెకి అనిపించలేదు. కానీ ప్రేక్షకులు కూర్చునే గ్రాండ్‌స్టాండ్ ఎప్పుడూ ఎక్కి ఎరగని మనిషి, ఎటు వెళ్ళాలో తెలియక గేటు వైపూ కారు వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"నీళ్ళెవరు పట్టుకుంటారు?" అన్నాడు లైల్ చిన్నగా.

వార్డ్ వచ్చి బకెట్ అందుకుని, తను ట్రాక్ మీద ఉన్నంతసేపూ పట్టుకొమ్మని తన పిట్ కుర్రాడి చేతికిచ్చాడు.

"నేనెక్కడ కూర్చోనే?" అని లైల్ కూతుర్ని అడిగాడు.

కెండ్రా హెల్మెట్ మళ్ళీ పెట్టుకుంటూ ఆగింది. ఆఖరి పోటీకి కార్లని పిలుస్తున్నారు.

"కూర్చోకు నాన్నా. ఒకటో మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడు" అంది. "కాలు ఎక్కడ తీస్తున్నానో చూసి, ఇంటికొచ్చాక ఉన్నదున్నట్టు చెప్పు."